లెక్క రేవు దగ్గర నుంచి

శ్రోతలందరికీ నమస్కారం.

మా ఆడపడుచు కూతురి పెళ్ళి నరసాపురంలో. శ్రావణ మాసం. మేముండేది సఖినేటిపల్లి పక్కన, రేవు దాటితే నరసాపురమే. మావారు పెళ్ళికూతురికి మేనమామ. పిల్లని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తీసుకొచ్చేది ఆయనే. ఆ పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ ఆయన ఆ మాట అంటూనే ఉన్నారు. ముందురోజే వెళ్ళవలసిన వాళ్ళం, మామగారికి జ్వరం తగ్గక ఆగిపోయాం. అవతలి ఒడ్డున కనబడే ఊరే కదా, సాయంత్రం పంటు, అదే మనుషుల్నీ బళ్ళనీ నది దాటించే పెద్ద పడవ, ఎక్కితే సరిపోతుందిలే అనుకున్నాం.

ఐదింటికి రేవులోకి దిగాం. పంటు ఒడ్డుకి తాళ్ళతో కట్టేసి ఉంది. బళ్ళు ఎక్కే ఇనప పలక పైకి లేపేశారు. రోజూ చెప్పులతో నడిచి వెళ్ళే చోట ఎర్రనీళ్ళు సుడి తిరుగుతున్నాయి. గుర్రపుడెక్క కుప్పలు కుప్పలుగా సముద్రం వైపు కొట్టుకుపోతోంది. గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డ ఒకాయన, "ఆయ్, మధ్యాన్నం నుంచే ఆపేశారండి. పైనుంచి నీరొస్తోంది కదండీ, రేపు కూడా డౌటేనండి" అన్నాడు. ఆ వర్షంలో ఇంకో ఆటో దొరకడానికే గంట పట్టింది. మలికిపురం మీదుగా దిండి వచ్చి, చించినాడ వంతెన దాటి నరసాపురం చేరేసరికి ముహూర్తం దాటిపోయింది. పిల్ల పీటల మీద ఉంది. బుట్ట ఇంకెవరో మోశారు. మావారు ఎవరినీ ఏమీ అనలేదు. తడిసిన కండువా పిండుకుని, వెనక వరసలో కూర్చుండిపోయారు.

వారం రోజుల పాటు చీరలు చూసుకున్నాం, చదివింపులు చూసుకున్నాం, మామగారి మాత్రలు పొట్లం కట్టుకున్నాం. రేవులో పంటు నడుస్తోందా అని మాత్రం ఒక్కరం కూడా అడగలేదు.

ఆ రోజు నుంచీ మా ఇంట్లో ఏ ప్రయాణానికైనా లెక్క చివరి నుంచి మొదలుపెడుతున్నాం. ఎక్కడికి, ఎన్ని గంటలకి చేరాలి? చేరే ముందు ఆఖరి మజిలీ ఏది? అది తప్పితే ఇంకో దారి ఉందా? ఇవి తేలాకే మిగతావన్నీ. నిజానికి ఇది మా అమ్మ పద్ధతే. అమ్మ చదివింది ఐదో తరగతి. వంటింటి గోడ కేలండరులో ముహూర్తం ఉన్న గడిలో పెన్సిలుతో చుక్క పెట్టి, అక్కణ్ణించి వెనక్కి వచ్చేది. ఈ రోజు పసుపు కొట్టాలి, ఈ రోజు బియ్యం ఆడించాలి, ఈ రోజు పిలుపులకి వెళ్ళాలి అని. పెళ్ళిళ్ళకి ఆ లెక్క వేసే మనమే, ప్రయాణాలకి మాత్రం ముందు టికెట్టు కొనేసి, మిగతావి దిగాక చూసుకుందాంలే అంటాం. టెన్షన్ అంతా ఆ 'దిగాక' దగ్గరే ఉంటుంది.

మన డెల్టాలో ఇది మరీ ముఖ్యం. అమలాపురానికి రైలు లేదు. కోటిపల్లి దాకా ఉన్న పట్టాల్ని నరసాపురంతో కలిపే పని ఇంకా నడుస్తూనే ఉంది. రాజమండ్రిలోనో, కాకినాడలోనో, పాలకొల్లులోనో, నరసాపురంలోనో రైలు దిగి, గోదావరి పాయలైన గౌతమినో వశిష్ఠనో వైనతేయనో దాటి ఇల్లు చేరాల్సిన వాళ్ళం మనం.

హైదరాబాదులో ఉన్న మా చెల్లెలి విషయం చెబుతాను. మురమళ్ళ వీరేశ్వర స్వామి గుడిలో రోజూ స్వామివారి కల్యాణం జరుగుతుంది, మీకు తెలిసిందే. కొడుక్కి సంబంధాలు చూస్తున్నారని ఆ కల్యాణం చేయించుకోవాలనుకుంది. ముందు రైలు టికెట్లు చూస్తానంటే వద్దన్నాను. అక్కడ తేదీ ముందుగా రాయించుకోవాలి, మనం కోరిన రోజు దొరక్కపోవచ్చు. రైళ్ళు చాలా ఉన్నాయి, బస్సులు ఇంకా ఉన్నాయి, మనకిచ్చే కల్యాణం తేదీ మాత్రం ఒక్కటే. అందుకని ఆ తేదీ ఖరారయ్యాక వెనక్కి వచ్చాం. సాయంత్రానికి స్నానాలు చేసి గుడిలో ఉండాలంటే మధ్యాహ్నానికల్లా ఊరు చేరాలి. మురమళ్ళకి రాజమండ్రి కంటే కాకినాడలో దిగి, యానాం వంతెన మీదుగా రావడం దగ్గర. కాబట్టి రాత్రి ఎక్కి పొద్దున్న కాకినాడలో దిగే రైలు కావాలి. ఇంతా తేలాక టికెట్టు తీసుకోవడం ఐదు నిమిషాల పని. రైలు గంటన్నర ఆలస్యంగా వచ్చినా చెల్లెలు కంగారుపడలేదు. చేతిలో అంత టైం ముందే పెట్టుకున్నాం కదా.

ఇక రైలు సంగతి. చాలామంది ఇంకా నాలుగు నెలల ముందు రిజర్వేషన్ అనే అనుకుంటున్నారు. 2024 నవంబరు 1 నుంచి అది 60 రోజులే. ప్రయాణం చేసే రోజు ఆ లెక్కలోకి రాదు. సంక్రాంతికి జనవరి 10న మీ పిల్లలు బయలుదేరాలంటే, నవంబరు 11 పొద్దున్న 8 గంటలకి బుకింగ్ తెరుస్తారు. పండక్కి వచ్చే రైళ్ళకి ఆ మొదటి నిమిషాలే కీలకం. ఇంకో మెలిక కూడా ఉంది. ఆ తేదీ లెక్క మనం ఎక్కే స్టేషనుకి కాదు, రైలు మొదట బయలుదేరే స్టేషనుకి వేస్తారు. ఎక్కడో దూరాన ముందురోజు బయలుదేరి మన రాజమండ్రికి మర్నాడు వచ్చే రైలుకైతే, బుకింగ్ ఒకరోజు ముందే మొదలైపోతుంది. ఇది తెలియక ఒక రోజు ఆలస్యంగా కూర్చున్నవాళ్ళని నేను చూశాను.

వెయిటింగ్ లిస్టులో అంకె ఒక్కటే చూసి ధైర్యపడకండి, దాని ముందున్న అక్షరాలు కూడా చూడండి. జీఎన్‌డబ్ల్యూఎల్, అంటే జనరల్ వెయిటింగ్ లిస్టు, అని ఉంటే ఖాయమయ్యే అవకాశం ఎక్కువ. మధ్య స్టేషన్ల కోటాకి చెందిన ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్ అనో, కొన్ని స్టేషన్లకి కలిపి ఇచ్చే పీక్యూడబ్ల్యూఎల్ అనో ఉంటే, అంకె చిన్నదైనా కదలడం కష్టం. ఆన్‌లైన్‌లో తీసిన టికెట్టు చార్టు వేశాక కూడా వెయిటింగ్‌లోనే ఉండిపోతే అదే రద్దయిపోయి డబ్బు వెనక్కి వస్తుంది. దానితో బండెక్కకూడదు. ఆర్‌ఏసీ వస్తే ఎక్కచ్చు, సైడ్ లోయర్ బెర్తుని ఇంకొకరితో కలిసి పంచుకుని కూర్చోవాలి. తత్కాల్ ముందురోజు ఏసీకి 10 గంటలకి, స్లీపరుకి 11కి. 2025 జూలై నుంచి ఆధార్ జతచేసిన ఖాతాకే ఆన్‌లైన్‌లో తత్కాల్ ఇస్తున్నారు. ఆ జత చేసే పని ఇప్పుడే, తీరిక ఉన్నప్పుడే చేసి పెట్టుకోండి. పదింటికి తత్కాల్ తెరిచాక, చేతులు వణుకుతూ ఓటీపీ కోసం చూస్తూ చేసే పని కాదది.

పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి ఒక మాట. 60 దాటిన మగవాళ్ళకి, 45 దాటిన ఆడవాళ్ళకి కింది బెర్తుల కోటా ఉంది. ఒక్కరో ఇద్దరో ఉన్న టికెట్టుకే అది వర్తిస్తుంది. ఆరుగురినీ ఒకే టికెట్టులో వేస్తే అత్తయ్యగారికి పై బెర్తు వచ్చి, బండెక్కాక ఎవరినో బతిమాలుకోవాల్సి వస్తుంది. అత్తామామలకి నేను విడిగానే తీస్తాను.

బండి ఎక్కడుందో చూసుకోవడానికి 'వేర్ ఈజ్ మై ట్రైన్' యాప్ బాగా పనికొస్తుంది. రైల్లో ఉన్నప్పుడు నెట్ లేకపోయినా, సెల్ టవర్లని బట్టి చూపిస్తుంది. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ళు 139కి ఫోన్ చేసి అడగచ్చు. మా మామగారు ఇప్పటికీ అదే చేస్తారు.

బస్సుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఉచితం, గుర్తింపు కార్డు దగ్గర ఉండాలి. నాన్‌స్టాప్‌లకి ఇది లేదు. ఉచిత బస్సుల్లో రద్దీ ఉంటుంది కాబట్టి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని తీసుకెళ్ళేటప్పుడు డబ్బులు పెట్టి సీటు రిజర్వ్ చేసుకోవడమే మేలని నా ఉద్దేశం.

నది దగ్గరికి వద్దాం. జూలై నుంచి సెప్టెంబరు దాకా మన ప్రయాణాలకి గోదావరిని అడగాల్సిందే. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. భద్రాచలం దగ్గరైతే 43, 48, 53 అడుగులు. ఈ అంకెలు రేడియో వార్తల్లో వింటూనే ఉంటాం. అవి లంకల్లో వాళ్ళకోసం అనుకుని వదిలేస్తాం. పెళ్ళికి వెళ్ళేవాళ్ళకి కూడా అవే కావాలి. భద్రాచలంలో నీరు పెరిగితే అది మన దాకా రావడానికి కొంత సమయం పడుతుంది. ఆ సమయమే మనకి దొరికే ముందుచూపు. భద్రాచలంలో మొదటి హెచ్చరిక వేశారని వింటే, సఖినేటిపల్లి రేవు గానీ, కోటిపల్లి-ముక్తేశ్వరం రేవు గానీ నమ్ముకుని బయలుదేరవద్దు. వంతెన దారి లెక్క వేసుకోండి. కనకాయలంక కాజ్‌వే లాంటివి ముందే మునిగిపోతాయి. 2022 జూలై వరద చూసినవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. పాపికొండల బోటు షికారు అనుకునేవాళ్ళు వరద రోజుల్లో ఆ ఊసు ఎత్తకండి. మామూలు రోజుల్లో కూడా లైఫ్ జాకెట్ తొడుక్కున్నాకే బోటు కదలనివ్వండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి పోయిన ప్రాణాల్ని మనం మర్చిపోకూడదు.

వరదలు లేని రోజుల్లో కూడా ఆఖరి పంటు ఎన్నింటికో తెలుసుకోవడానికి యాప్ వెతక్కండి. రేవు ఒడ్డున టీ కొట్టువాళ్ళని అడగండి. అటువైపు చుట్టాలుంటే వాళ్ళని ఒకసారి వెళ్ళి చూడమనండి. ఫోన్‌లో మ్యాపు రేవు మీదుగా దారి గీసి చూపిస్తుంది, పంటు ఆగిందని చెప్పదు.

ఇంత సమాచారం ఎక్కడ పెట్టుకోవాలి? మా ఇంట్లో నోటుపుస్తకంలోంచి చింపిన ఒక్క కాగితం. పైన చేరాల్సిన చోటు, టైం. దాని కింద వెనక్కి ఒక్కో మజిలీ. ప్రతి మజిలీ పక్కన 'ఇది తప్పితే' అని చిన్న గీత, దాని మీద రెండో దారి. అడుగున పీఎన్ఆర్ నంబరు పది అంకెలూ, బస చేసే చోటి ఫోను, పెద్దవాళ్ళ మందుల పేర్లు. దాన్ని ఫోటో తీసి ఇంట్లో అందరికీ పంపిస్తాను, అసలు కాగితం నా పర్సులో ఉంటుంది. ఇదివరకు ఇదంతా నా బుర్రలోనే ఉండేది. అమ్మా టికెట్లేవి, వదినా దిగేది ఎక్కడ, ఏమేవ్ నా మాత్రలేవి అని ఆరుగురూ నన్నే అడిగేవారు. గోదావరి వంతెన మీద రైలు వెళుతుంటే అందరూ కిటికీలోంచి చూసి డబ్బులు వేసి దణ్ణం పెట్టుకునేవారు, నేను సంచులు లెక్కపెట్టుకునేదాన్ని. ఇప్పుడు కాగితం అందరి దగ్గరా ఉంది. పోయిన నెల వంతెన మీద నేను కూడా కిటికీ పక్కన కూర్చున్నాను.

బయటి ఊళ్ళ నుంచి మన దగ్గరికి వచ్చే చుట్టాల తొందర ఇంకో రకం. ఒక్క రోజులో అయినవిల్లి, అప్పనపల్లి, అంతర్వేది, ద్రాక్షారామం అన్నీ చూసేయాలంటారు. మధ్యాహ్నం గుడి తలుపులు మూస్తారని కారులో ఉండగా గుర్తొస్తుంది. శనివారం వాడపల్లి పెట్టుకుంటే, ఏడు శనివారాల మొక్కులవాళ్ళతో ఆ రోజంతా అక్కడే గడిచిపోతుంది. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడాలంటే, ఆ రోజు ఇంకే ఊరూ పెట్టుకోవద్దు. పొద్దున రెండు గుళ్ళు, మధ్యాహ్నం భోజనం చేసి ఒక కునుకు, సాయంత్రం ఒక గుడి. నేను మా చుట్టాలకి ఇంతకంటే ఎక్కువ రాయను. ఆత్రేయపురం పూతరేకులు మాత్రం తిరుగు ప్రయాణంలో ఆఖరున కొనిపిస్తాను. మొదటి రోజే కొంటే సంచుల కింద పడి ఊరు చేరేసరికి పొడి మిగులుతుంది.

ఈ సంక్రాంతికి మా పిల్లలిద్దరూ, మా ఆడపడుచు కూతురూ అల్లుడూ వస్తున్నారు. ఆ అమ్మాయికి ఇప్పుడు ఏడాది పాప. పాపకి పుట్టువెంట్రుకలు అంతర్వేదిలో తీయించాలని, మావారి ఒళ్ళో కూర్చోబెట్టే తీయించాలని ఆనాటి పెళ్ళికూతురే పట్టుబట్టింది. గోడ కేలండరులో నవంబరు 11 చుట్టూ సున్నా చుట్టాను. కాగితం కూడా మొదలుపెట్టాను. పైన అంతర్వేది, పొద్దున్న 9 గంటలు అని రాసుంది. నరసాపురం నుంచి వాళ్ళు దాటే పంటు టైం దగ్గర గీత ఖాళీగా ఉంది. రేపు పొద్దున్న మావారు రేవుకి వెళ్ళి కనుక్కుని వస్తానన్నారు.

సెలవు. నమస్కారం.