రేకు మీద రాసిన మొక్కు

శ్రోతలకు నమస్కారం.

1623వ సంవత్సరం. మెక్సికోలోని హలిస్కో ప్రాంతంలో సాన్ హ్వాన్ అనే చిన్న పల్లె. కత్తులు నిలబెట్టి వాటి మీదుగా గెంతే ఆట ఆడుతూ ఊరూరా తిరిగే ఒక కుటుంబం ఆ దారిన వచ్చింది. సాధన చేస్తుండగా వాళ్ళ చిన్నపిల్ల పట్టు తప్పి కత్తుల మీద పడింది, చనిపోయింది. ఒంటికి గుడ్డ చుట్టి పూడ్చడానికి సిద్ధం చేశారు. అప్పుడు ఆనా లుసియా అనే ముసలమ్మ, ఆ నేల మూలవాసుల మనిషి, గుడిలో మూలన పడి ఉన్న ఏసు తల్లి మరియమ్మ బొమ్మను తెచ్చి పిల్ల గుండెల మీద పెట్టింది. మొక్కజొన్న కాండం గుజ్జుతో చేసిన బొమ్మ అది, మూరెడు కూడా ఉండదు. పిల్ల కదిలింది, లేచి కూర్చుంది. ఆ ఊరివాళ్ళు తరతరాలుగా చెప్పుకునే కథ ఇది. ఈ రోజు సాన్ హ్వాన్ దె లోస్ లాగోస్ మెక్సికోలోని పెద్ద యాత్రాస్థలాల్లో ఒకటి.

ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది అలాంటి గుళ్ళ గోడల గురించి. ఆ గోడలకు బొమ్మలు వేసిన చిన్న చిన్న ఇనుప రేకులు వేలాడుతుంటాయి. ఒక్కొక్కటీ బడిపిల్లల నోటుపుస్తకమంత. ఎక్స్‌వోతో అంటారు, రెతాబ్లో అని కూడా అంటారు. ఎక్స్‌వోతో అనేది లాటిన్ మాట, మొక్కు ప్రకారం అని అర్థం. ఈ గండం గట్టెక్కిస్తే నీ కొండకు నడిచి వస్తాను తండ్రీ అని మొక్కుకోవడం ఏమిటో తెలుగువాళ్ళకు నేను విడమరచి చెప్పక్కర్లేదు. అక్కడి మొక్కు తీరేది బొమ్మతో.

ఒక మామూలు రేకు ఎలా ఉంటుందో చెబుతాను. గది, గదిలో మంచం. మంచం మీద రోగి, మెడ దాకా దుప్పటి. పక్కన మోకాళ్ళ మీద ఒక ఆడమనిషి, చేతిలో వెలుగుతున్న కొవ్వొత్తి. గదికి పైన ఒక మూల మాత్రం గోడ ఉండదు, మబ్బులుంటాయి, మబ్బుల్లో మరియమ్మ. అడుగున రెండు మూడు వేళ్ళ జాగాలో రాత: ఫలానా ఊళ్ళో, ఫలానా తేదీన, ఫలానా వాళ్ళకు ఈ జబ్బు చేసింది, ఆశ లేదన్నారు, తల్లీ నిన్ను తలచుకున్నాను, బతికించావు, అందుకని ఇది నీకు సమర్పించుకుంటున్నాను. ఆ రాతలో తప్పులు బోలెడు. స్పానిష్‌లో b, v అక్షరాలు ఒకేలా పలుకుతాయి, h రాసినా పలకరు. అందుకని నోటికి వచ్చినట్టే రాశారు. ఆ తప్పులు నాకు ఎంతో ఇష్టం. వాటిలో ఆ మనిషి గొంతు వినబడుతుంది.

ఈ ఆచారం స్పెయిన్ వాళ్ళతో పాటు వచ్చింది. మొదట్లో కలవాళ్ళు గుడ్డ మీద పెద్ద బొమ్మలు వేయించి ఇచ్చేవారు. 19వ శతాబ్దంలో తగరం పూత పూసిన ఇనుప రేకు చవగ్గా దొరకడం మొదలైంది. దాంతో కూలివాళ్ళకు, గనుల్లో పనిచేసేవాళ్ళకు, రైతులకు కూడా సొంత బొమ్మ వేయించుకునే వీలు కలిగింది. వచ్చి తమకు జరిగింది చెప్పుకునేవారు, చిత్రకారుడు విని వేసేవాడు. గుర్రం తన్నింది, బావిలో పడ్డాను, కాన్పు కష్టమైంది, నా ఆవు తప్పిపోయి దొరికింది. బొమ్మ వేసినవాళ్ళలో చాలామంది పేర్లే మిగల్లేదు. మిగిలినవాళ్ళలో గొప్పవాడు ఎర్మెనెహిల్దో బుస్తోస్. గ్వానహ్వాతో రాష్ట్రంలో పురీసిమా దెల్ రింకోన్ అనే ఊరు ఆయనది. 1832లో పుట్టి 1907లో పోయారు. బతుకుతెరువుకు ఎన్నో పనులు చేశారు, అందులో ఐస్ చేసి అమ్మడం ఒకటి. ఇవాళ మెక్సికో గర్వంగా చెప్పుకునే ఆ చిత్రకారుడు తన బొమ్మల మీద సంతకం చేసేటప్పుడు సరదా కొద్దీ వేసేవాణ్ణి అని రాసుకునేవారు.

రేకులే కాదు. సకతేకాస్ రాష్ట్రంలో ప్లతేరోస్ అనే గనుల ఊళ్ళో సాంతో నీన్యో దె అతోచా ఉన్నాడు. టోపీ, చేతికర్ర, బుట్టతో యాత్రికుడి వేషంలో ఉండే బాల ఏసు. రాత్రుళ్ళు గుడి దాటి వెళ్ళి కష్టంలో ఉన్నవాళ్ళ దగ్గరికి నడుస్తాడట. నడిచి నడిచి చెప్పులు అరిగిపోతాయని భక్తులు పసిపిల్లల బూట్లు తెచ్చి పెడతారు. కొన్ని గుళ్ళలో ఆడవాళ్ళు కోసి ఇచ్చిన జడలు రిబ్బన్లతో సహా వేలాడుతుంటాయి. తలనీలాలు ఇచ్చే మనకు ఆ గోడ ముందు కొత్తేమీ అనిపించదు.

చిత్రకారిణి ఫ్రిదా కాలో, ఆమె భర్త దియేగో రివేరా ఈ రేకులను వందల కొద్దీ సేకరించారు. 1925 సెప్టెంబరులో ఫ్రిదా ఎక్కిన బస్సును ట్రాము గుద్దింది. అప్పటికి ఆమెకు 18 ఏళ్ళు. వెన్నెముక, కటి, కాలు విరిగాయి. చాలా ఏళ్ళ తర్వాత ఆమెకు అచ్చం అలాంటి ప్రమాదమే వేసి ఉన్న పాత రేకు ఒకటి దొరికింది. ఎవరిదో, ఎవరి మొక్కో. ఫ్రిదా కుంచె తీసుకుని అందులో పడి ఉన్న అమ్మాయికి తన కలిసిన కనుబొమలు పెట్టింది. బస్సు మీద కొయోఆకాన్ అని తన ఊరి పేరు రాసింది. అడుగున, తమ కూతురిని కాపాడినందుకు తన అమ్మానాన్నలు మరియమ్మకు కృతజ్ఞతలు చెబుతున్నట్టు రాసింది. దేవుణ్ణి నమ్మనని చెప్పిన మనిషి ఆమె. అయినా ఆ మొక్కు బాకీ ఉండిపోకూడదనుకుంది. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

20వ శతాబ్దం వచ్చేసరికి రేకుల మీద కొత్త కష్టాలు చేరాయి. నది దాటి అమెరికా వెళుతూ నీళ్ళలో కొట్టుకుపోబోయినవాళ్ళు, ఎడారిలో దారి తప్పినవాళ్ళు, అక్కడి పొలాల్లో యంత్రాల కింద పడి బతికినవాళ్ళు. కొడుకు తిరిగి వచ్చాడని తల్లి వేయించిన రేకులు కూడా ఉన్నాయి.

బతికినందుకు వేయించినవే ఎక్కువ. కానీ నూటయాభై ఏళ్ళ నాటి రేకులో మంచం మీద లేచి కూర్చున్నవాళ్ళు ఎప్పుడో పోయారు. చదువు లేని, పొలం లేని మనిషి పేరు ఈ భూమ్మీద ఆ రెండు వేళ్ళ జాగాలో తప్ప మరెక్కడా లేకపోవచ్చు. పోయినవాళ్ళను పిలిచి అన్నం పెట్టే దేశం అది. నవంబరు 1న పసివాళ్ళ ఆత్మలు, 2న పెద్దల ఆత్మలు ఇంటికి వస్తాయని నీళ్ళు, ఉప్పు, రొట్టె, ఇష్టమైన వంటలు పెడతారు. దారి తెలియడానికి సెంపసూచిల్ పూల రేకలు పరుస్తారు. సెంపసూచిల్ అంటే మన బంతిపువ్వు. దాని పుట్టిల్లు మెక్సికో. సముద్రాలు దాటి మన బతుకమ్మలోకి, సంక్రాంతి గొబ్బెమ్మల మీదికి వచ్చింది.

ఈ రేకులకు ఇప్పుడు బజారులో మంచి ధర. అందుకే గుళ్ళ గోడల మీంచి దొంగతనంగా ఊడబెరికి విదేశాలకు అమ్మేశారు. మొక్కు చెల్లించినవాళ్ళు ఇది అందరూ చూడాలని గుడిలో పెట్టారు, ఎవరి ఇంట్లోనో అలంకారంగా ఉండాలని కాదు. కొన్నేళ్ళ క్రితం ఇటలీ పోలీసులు అలాంటివి 594 రేకులు పట్టుకుని మెక్సికోకు తిరిగి అప్పగించారు. ఏ రేకు ఏ గుడిదో వెతకాలంటే ముందు చూడవలసింది అడుగున ఉన్న ఆ తప్పుల రాతనే. పేరు, ఊరు, తేదీ, ఏ తల్లికి మొక్కుకున్నారో ఆ తల్లి పేరు.

సెలవు. నమస్కారం.