నైట్‌లో జీహెచ్ ఎటు పోయింది?

[అమీర్‌పేట మెట్రో కింద. వెనకాల కోచింగ్ సెంటర్ల బోర్డులు.]

నమస్తే. అటు చూడండి, రెండు బోర్డులు. ఒకదాని మీద నైట్ బ్యాచ్, ఎన్-ఐ-టీ-ఈ. దాని పక్కనే ఇంకోటి, ఎన్-ఐ-జీ-హెచ్-టీ. ఏది కరెక్టో మనకు తెలుసు. కానీ నిన్న, ఆరో తరగతి చదివే మా అక్క కూతురు డిక్టేషన్ నోట్సు ముందేసుకుని అడిగింది: "మామా, పలకని అక్షరాన్ని రాసుడెందుకు?"

చిన్నప్పుడు నేనూ ఇదే అడిగితే మా సారు "అది అంతే, బట్టీ పట్టు" అన్నారు. పట్టాను. ఎందుకో తెలియడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

[తెర మీద: నైట్ – రాత్రి. ఎయిట్ – ఎనిమిది. డాటర్ – కూతురు.]

ఈ మూడింటిలోనూ జీహెచ్ ఉంది, మూడింటిలోనూ నోరు మెదపదు. ఒకప్పుడు మెదిపేది. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లో నైట్‌ను 'నిహ్ట్' అనేవాళ్లు. ఆ హకారం మామూలు హ కాదు, గొంతులోంచి గీసుకుంటూ వచ్చేది. 1066లో ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక, ఫ్రెంచి పద్ధతిలో చదువుకున్న లేఖకులు ఆ ధ్వనికి క్రమంగా జీహెచ్ అని రాయడం మొదలుపెట్టారు. తర్వాత జనం పలకడం మానేశారు. రాత మాత్రం అట్లాగే ఉండిపోయింది.

ఆ ధ్వని ఎట్లా ఉండేదో వినాలంటే లండన్ పోనక్కర్లేదు.

[కట్. పాతబస్తీ. మిఠాయి దుకాణం.]

నేను అడుగుతా, వినండి: "భాయ్, ఖుబానీ కా మీఠా." నాది తెలుగు ఖ, కకు ఒత్తు పెట్టినట్టు. ఇప్పుడు ఆయన అంటారు చూడండి.

[దుకాణందారు: "ఖుబానీ? కిత్నా?" శబ్దం రెండుసార్లు, నెమ్మదిగా.]

విన్నారా? నాలుక వెనక గాలి గీసుకుపోయింది. డాటర్‌లో జీహెచ్ ఇంచుమించు అదే. జర్మన్లు కూతుర్ని ఇప్పటికీ 'టోఖ్టర్' అంటారు, రాత్రిని 'నాఖ్ట్' అంటారు. స్కాట్లాండ్‌లో సరస్సు 'లోఖ్'. అక్కడ ఆ ధ్వని చావలేదు.

ఇంకా దగ్గరికి వస్తా. కార్తీకమాసంలో మా అమ్మ నక్తం ఉంటుంది. పగలంతా ఉపవాసం, చుక్క కనబడ్డాక భోజనం. ఆ నక్తం సంస్కృతంలో రాత్రి. నైట్, నక్తం ఒకే మూలం నుంచి వచ్చిన దాయాదులు. నక్తంలో 'క్త' ఉన్న చోటే నైట్‌లో జీహెచ్, టీ ఉన్నాయి. అష్టకు ఎయిట్, దుహితకు డాటర్ కూడా అట్లాంటి చుట్టాలే. మా మేనకోడలు ఇది విన్నాక డాటర్ స్పెల్లింగ్ తప్పు రాయలేదు. నాకు పదిసార్లు రాయిస్తే కూడా రాలేదు మరి.

ఇక కొన్ని మాటల్లో ఆ ధ్వని పోకుండా ఫకారంగా మారింది. లాఫ్ అంటే నవ్వు, కాఫ్ అంటే దగ్గు, రఫ్ అంటే గరుకు, టఫ్ అంటే గట్టి, ఇనఫ్ అంటే చాలు. ఎక్కడ పోయింది, ఎక్కడ ఫ అయింది అనడానికి నికరమైన సూత్రం లేదు, ఇక్కడ మా సారు మాటే గతి. నమ్మకపోతే ఇది చూడండి.

[తెర మీద: ఎల్-ఏ-యూ-జీ-హెచ్-టీ-ఈ-ఆర్.]

లాఫ్టర్. నవ్వు. దీని ముందు ఒక్క ఎస్ పెట్టండి. స్లాఫ్టర్ కాదు, స్లాటర్. వధ! ఒక్క అక్షరంతో నవ్వు కాస్తా కసాయి కొట్టు అయింది.

మొదట్లో జీహెచ్ వస్తే గొడవ లేదు, గ అనేయడమే. ఘీ మన దేశపు మాటే, ఘృతం నుంచి వచ్చింది. ఘోస్ట్ కథ వేరే. పాత ఇంగ్లిష్‌లో దానికి హెచ్ లేనే లేదు. 1476లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టిన విలియం కాక్స్‌టన్, అంతకుముందు ఇప్పటి బెల్జియంలో ఉన్న బ్రూజ్‌లో పనిచేశాడు. అక్కడి భాష ఫ్లెమిష్, దాని రాతలో దయ్యానికి జీ పక్కన హెచ్ ఉండేది. ఆ అలవాటే అచ్చులోకి ఎక్కిందని భాషా చరిత్రకారులు చెబుతారు. దయ్యానికి హెచ్ అట్లా పట్టింది.

హైటెక్ సిటీ బోర్డులో జీహెచ్ లేదేమని కామెంట్లు పెట్టకండి. అది హై అనే మాట కాదు, హైదరాబాద్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అంటూ మొదలయ్యే పొడవాటి పేరుకు పొట్టిరూపం.

[దుకాణం బయట మెట్లు. మేనకోడలు చేతిలో ఐస్‌క్రీం కప్పు.]

ఇప్పుడు ఈమెకు కనబడ్డ ప్రతి జీహెచ్‌నూ గొంతుతో గీకడం పనైపోయింది. కప్పు మూత మీద డిలైట్ అని ఉంది, అంటే ఆనందం. "డిలిఖ్ట్!" అంది.

తప్పు. ఇది దొంగ జీహెచ్. డిలైట్ ఫ్రెంచి నుంచి వచ్చిన మాట, అందులో ఆ ధ్వని ఎన్నడూ లేదు. డి-ఈ-ఎల్-ఐ-టీ అని రాసుకునేవాళ్లు. 1500ల్లో లైట్‌ను చూసి దీనికీ జీహెచ్ తగిలించారు.

చెంచా నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించింది.

"అయితే మామా, డిలైట్ల జీహెచ్ రాయకున్నా మార్కు ఇయ్యాలె గదా?"