బండి ఆగిన తర్వాత వేసే మొదటి అడుగు

సభకు నమస్కారం. వేదికపై ఉన్న పెద్దలకు, ఈ సమావేశాన్ని ఏర్పాటు చేసిన కాలనీ సంఘం వారికి, పండుగ పనుల మధ్య తీరిక చేసుకుని వచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఆహ్వాన పత్రికలో నా ప్రసంగానికి "విదేశీ ప్రయాణం - పెద్దల ఆరోగ్యం" అని పేరు పెట్టారు. అది చాలా పెద్ద విషయం. వీసా గురించి, బీమా గురించి, పచ్చళ్ళు కారిపోకుండా ఎలా కట్టాలన్న దాని గురించి చెప్పగలవారు మన పటమటలోనే వీధికి నలుగురు ఉన్నారు. ఉద్యోగమంతా బస్సు డ్రైవర్లకు శిక్షణ ఇవ్వడంలో గడిపినవాడిని కాబట్టి నేను ఒక్క సంగతే మాట్లాడతాను. మంచు పడే ఊళ్ళో, ఆగి ఉన్న కారు పక్కన మనిషి ఎందుకు పడిపోతున్నాడు, పడకుండా ఉండాలంటే ఏం చేయాలి అన్నదే ఆ సంగతి.

మన దృష్టిలో వాహన ప్రమాదమంటే బండి కదులుతూ ఉండాలి. ఇంజిన్ ఆపి హ్యాండ్ బ్రేకు వేయగానే గండం గడిచినట్టే భావిస్తాం. కానీ బస్సు పూర్తిగా ఆగిన తర్వాత ఫుట్‌బోర్డు మీద నుంచి దిగుతూ పడినవారిని నేను చాలామందిని చూశాను. అది పొడి నేల మీద, మన విజయవాడలో జరిగిన మాట. ఇక డెట్రాయిట్‌లోనో, షికాగోలోనో, టొరంటోలోనో జనవరి నెలలో ఆ నేల ఎలా ఉంటుందో ఆలోచించండి.

జారడమంటే మనకు తెలిసినది స్నానాల గదిలో సబ్బు నీళ్ళు, వానాకాలంలో పాచి పట్టిన మెట్లు. అవి కంటికి కనబడతాయి. అక్కడి మంచు పొర అలా కనబడదు. పగలు కాస్త ఎండ కాసినప్పుడు గుట్టలుగా ఉన్న మంచు కరిగి, ఆ నీరు పార్కింగ్ స్థలంలో పల్లం వైపు పారుతుంది. సాయంత్రం ఉష్ణోగ్రత సున్నాకు, అంటే అమెరికా లెక్కలో 32 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు దిగగానే అది పలచని పొరగా గడ్డకడుతుంది. దాని గుండా అడుగున ఉన్న తారు నలుపే కనబడుతుంది కనుక మనం తడిసిన రోడ్డే అనుకుని అడుగు వేస్తాం. 1850లోనే మైకేల్ ఫారడే అనే ఆంగ్ల శాస్త్రవేత్త మంచుగడ్డ ఉపరితలం మీద నీటివంటి సన్నని పొర ఉంటుందని ప్రతిపాదించాడు. మంచు కరిగేందుకు సిద్ధంగా ఉన్న రోజున, దాని మీద నీరు నిలిచిన రోజున జారుడు మరింత ఎక్కువ. కాబట్టి "ఇవాళ చలి తగ్గిందండీ, బయటికి వెళ్దాం" అని అల్లుడుగారు అన్న రోజునే ఎక్కువ జాగ్రత్త అవసరం.

ఈ మంచు కార్ల చుట్టూనే ఎక్కువగా ఉండటానికి కారణాలున్నాయి. మంచు తోసే బండ్లు నిలిపిన కార్ల సందుల్లోకి వెళ్ళలేవు. కారు పైకప్పు మీద నుంచి దులిపిన మంచు తలుపు దగ్గరే పడి, కాళ్ళ కింద అణిగి గట్టిపడుతుంది. పొగగొట్టం నుంచి కారిన నీటి చుక్కలు డిక్కీ వెనుక గడ్డకడతాయి. మనం సూట్‌కేసు దించుకునేది సరిగ్గా అక్కడే. పైగా కారులోని హీటరు వేడికి బూటు అడుగున అంటుకున్న మంచు కరిగి, తడి అడుగుతో దిగుతాం.

మా వదినగారి సంగతి చెప్పకుండా నేను ముందుకు వెళ్ళలేను. మనవడి అన్నప్రాసనకు వెళ్ళారామె. గుడి పార్కింగ్‌లో కారు ఆగింది. అక్కడ డ్రైవరు ఎడమ వైపు కూర్చుంటాడు కనుక, ముందు సీట్లో ఉన్న ఆమె కుడి వైపుకు దిగాలి. పట్టుచీర, కాళ్ళకు నున్నని అడుగున్న చెప్పులు, ఎడమ చేతిలో పులిహోర గిన్నె, కుడి చేయి తలుపు మీద. కుడి కాలు నేలకు ఆనిన క్షణంలోనే జారింది. పట్టుకున్న తలుపు పూర్తిగా తెరుచుకుంటూ ఆమెను తనతో లాక్కుపోయింది. ఎడమ కాలు ఇంకా కారులోనే ఉంది. తుంటి ఎముక విరిగింది. గిన్నె వదిలి ఉంటే ఆ చేయి సీటును పట్టుకునేది. ప్రసాదం కిందపడుతుందని ఆమె వదల్లేదు.

నన్ను నేటికీ బాధించేది ఆ తర్వాత మన బంధువులు అన్న మాటలు. కొందరు గ్రహచారమన్నారు. కొందరు ఈ వయసులో చలికాలంలో వెళ్ళడమెందుకన్నారు. ఏ చేయి ఎక్కడ ఉంది, అడుగు ఎక్కడ పడింది అని ఒక్కరూ అడగలేదు. అయ్యా, పిల్లల పురుళ్ళు ఎండాకాలం చూసుకుని రావు. కూతురికి పురుడు పోయడానికి తల్లి డిసెంబరులోనైనా వెళ్తుంది, వెళ్ళాలి కూడా. ఆమెను ఆపవద్దు, కారు దిగడం నేర్పి పంపండి. పెట్టెలో కందిపొడికీ గోంగూరకూ చోటు చూసే మనం, లోతైన గాళ్ళున్న రబ్బరు అడుగు బూట్లకు చోటు చూడలేమా? చీర కట్టినా బూట్లే వేసుకోండి. చెప్పులు సంచిలో పెట్టుకుని గుడి లోపలికి వెళ్ళాక మార్చుకోండి. చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి కట్టుకోండి.

దిగే పద్ధతి ఇది. తలుపు తెరిచాక ముందు నేలను చూడాలి. మెరుస్తూ ఉంటే మంచు ఉన్నట్టే భావించి, కారును కాస్త ముందుకు తీసుకువెళ్ళమని అడగడానికి మొహమాటపడకూడదు. చేతిలోవి అన్నీ సీటు మీదే ఉంచాలి. సీట్లోనే పూర్తిగా పక్కకు తిరిగి, రెండు పాదాలూ కలిపి బయట పెట్టి, అరికాలు మొత్తం ఆనించి, ఒక చేత్తో సీటును, మరో చేత్తో తలుపు చుట్టూ ఉన్న కారు చట్రాన్ని పట్టుకుని లేవాలి. తలుపు కదిలే వస్తువు, దాని మీద భారం వేయకూడదు. ఎత్తైన బండి అయితే డ్రైవర్లకు మేము చెప్పే నియమమే మీకూ వర్తిస్తుంది: బండి వైపు ముఖం పెట్టి, రెండు కాళ్ళు, రెండు చేతుల్లో ఎప్పుడూ మూడు ఆని ఉండేలా దిగాలి. తర్వాత బాతులా చిన్న చిన్న అడుగులతో నడవాలి. జేబుల్లో చేతులు వద్దు, ఫోను వద్దు.

ఇంటి ముందు కారు నిలిపే చోట ఉప్పు చల్లడం పిల్లల బాధ్యత. మామూలు రాతి ఉప్పు సున్నాకు దిగువన సుమారు 9 డిగ్రీల వరకే బాగా పనిచేస్తుంది, అంతకు మించిన చలిలో కాల్షియం క్లోరైడ్ అనే మరో రకం లవణం కావాలి. ఏదీ లేకపోతే ఇసుక మంచును కరిగించదు గాని కాలికి పట్టునిస్తుంది.

ఎంత జాగ్రత్తపడినా పడవచ్చు. చేయి చాచి పడినప్పుడు మణికట్టు దగ్గర ఎముక విరిగే తీరును 1814లోనే అబ్రహాం కాలిస్ అనే ఐరిష్ వైద్యుడు వర్ణించాడు. పడగానే కంగారుగా లేవకండి, ఎవరినీ చేయి పట్టి లాగనివ్వకండి. తల్లులకు ప్రత్యేకంగా ఒక విన్నపం: ఖర్చవుతుందని, పిల్లలు కంగారుపడతారని నొప్పి దాచకండి. రక్తం పలచబడే మందులు వాడుతున్నవారు తలకు చిన్న దెబ్బ తగిలినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి; లోపల రక్తస్రావం కొన్ని గంటల తర్వాత బయటపడవచ్చు.

ఇంకా రెండు కాగితాలు రాసుకుని వచ్చాను గాని చదవను. గేటు దగ్గర మా అబ్బాయి కారు నిలిపి ఉంది. ఈ చలికాలం ప్రయాణం ఉన్నవారు ముందు రండి. ఒక్కొక్కరుగా ఎక్కి, నేను చెప్పిన పద్ధతిలో దిగి చూపించండి. చేతిసంచులు కుర్చీల్లోనే ఉంచి రండమ్మా, మా వాళ్ళు చూసుకుంటారు.