కంపచెట్ల మధ్య పరిణామం
(కడపలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఉష్ణమండల జంతువులంటే మన పుస్తకాలన్నీ అమెజాన్ బొమ్మే వేస్తాయి. ఎడతెగని వాన, ఆకాశం కనపడనంత చెట్లు. మీరు కూర్చున్న ఈ కడప కూడా ఉష్ణమండలమే. కాకపోతే మనది కంపచెట్ల, గుండ్రాళ్ల, ఎండల ఉష్ణమండలం. దీన్ని పాడైపోయిన అడవి అనుకునేవాళ్లు చాలామంది. సర్కారు కాగితాల్లో అయితే బంజరు. ఆ మాట తప్పని ఇక్కడి జీవుల ఒళ్లే చెప్తాయి.

కలివికోడినే చూడండి. 1900 తర్వాత శాస్త్రజ్ఞులెవరికీ కనపడక అంతరించిందనుకున్న ఈ పిట్ట 1986లో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె పరిసరాల్లో మళ్లీ దొరికింది. చుట్టుపక్కల పిట్టలు పట్టేవాళ్లకు మాత్రం అది ముందే తెలుసు. దాని కళ్లు పెద్దవి, ఎందుకంటే తిరిగేది రాత్రిపూట. దాని కుటుంబంలోదే ఇంకో పిట్ట మన మెట్టచేలల్లో, బయలు నేలల్లో పట్టపగలే పరిగెత్తుతుంది. పూర్వీకులు ఒకరే అయినా, ఒకటి పగటిని, బయలునూ తీసుకుంది, ఇంకొకటి రాత్రినీ పొదలనూ తీసుకుంది. కలివికోడికి మరీ దగ్గరి చుట్టాలు ఉండేది ఆఫ్రికాలో.

ఇది ఎగరడం కంటే పరిగెత్తడానికే ఇష్టపడుతుంది. అందుకే పొదల మధ్య ఖాళీ కావాలి, దాక్కోవడానికి పొదా కావాలి. కంప చిక్కబడినా, మొత్తం నరికేసినా దానికి చోటు ఉండదు. పచ్చదనం పేరుతో గుంతలు తీసి మొక్కలు నాటేవాళ్లకు ఈ సంగతి చెప్తే ఒక్కోసారి కోపం వస్తుంది! తెలుగుగంగ కాలువ దీని నివాసం మీదుగా పోవాల్సి వచ్చినప్పుడు దారి మార్చారు. కాలువను పక్కకు జరపగలిగాం కానీ, అడవంటే చెట్లే అనే ఆలోచనను జరపడం ఇంకా కష్టంగానే ఉంది.

ఈ నేల ఎంత పాతదో ఇంకా బాగా తెలియాలంటే చిన్న బల్లుల దగ్గరికి పోవాలి. గడ్డి నేలల్లో, రాళ్ల మధ్య తిరిగే పాముకళ్ల బల్లులకు పైరెప్ప, కిందిరెప్ప కలిసిపోయి పారదర్శకమైన పొర అయింది. అవి రెప్ప వేయలేవు. దుమ్ము నుంచి, తేమ ఆరిపోవడం నుంచి కంటికి అది రక్షణ కావచ్చని ఒక వివరణ ఉంది. మన దేశంలోని ఈ బల్లుల డీఎన్ఏ పోల్చి వంశవృక్షం గీసినప్పుడు, మన గడ్డి నేలలు చాలా పాతవనడానికి అది బలమిచ్చింది. అంటే మనుషులు అడవి నరకడం వల్ల ఏర్పడినవి కావవి. పదుల లక్షల ఏళ్ల కింద వాతావరణం ఎండి గడ్డి పరుచుకుంటే, ఆ బయలుకు తగిన ఒళ్లు తయారయ్యాయి.

ఒంటి తీరు దారులు తెరుస్తుంది, మూసేస్తుంది కూడా. శేషాచలం బండల్లో ఉండే బంగారు బల్లి వేళ్లు రాతిని పట్టుకోవడానికే తయారయినట్టుంటాయి. గుడ్లు కూడా రాతికే అంటిస్తుంది. ఆ జాతిలో రెండే రకాలున్నాయి: ఒకటి మన తూర్పు కనుమల్లో, ఒకటి శ్రీలంకలో. బండ లేని మైదానం దానికి దాటలేని నదిలాంటిది.

కర్నూలు వైపు రోళ్లపాడు గడ్డి నేలల్లోని బట్టమేకపక్షి కథ మరీ బాధాకరం. పెద్ద ఒళ్లు, ఒక్కసారికి సాధారణంగా ఒకటే గుడ్డు. పక్కలకున్న కళ్లు బయలు నేలలో శత్రువును దూరం నుంచే పసిగట్టడానికి బాగా పనికొచ్చాయి. కానీ ఎదురుగా చూపు తక్కువ, ఎగిరేటప్పుడు కరెంటు తీగ కనపడేసరికి బరువైన ఆ పిట్ట పక్కకు తిరగలేదు. దేశమంతా కలిపి ఇప్పుడు బయట స్వేచ్ఛగా తిరిగేవి రెండు వందల లోపే ఉన్నాయని అంచనా. రోళ్లపాడులో దాదాపు కనుమరుగైపోయింది. తీగలు భూమి కింద వేయాలని 2021లో సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది, 2024లో ఆ ఉత్తర్వు సడలింది.

వేసవి సెలవుల్లో మీ చేను గట్టుమీద రాయెక్కి గొంతు కింద సంచి విప్పి ఆడే చిన్న తొండ కనపడితే, దాని వెనకకాళ్ల వేళ్లు లెక్కపెట్టండి. ఐదుకు బదులు నాలుగే ఉంటే అది సితానా. పట్టుకోవద్దు, ఫోన్ జూమ్ చాలు. ఇప్పుడు మీ ప్రశ్నలు.