ఐదు మాటలు, ఒక కథ: చిన్న తరగతుల పిల్లలకు కొత్త పదాలు నేర్పే పద్ధతి

నమస్తే. రెండు, మూడు తరగతులకు పాఠం చెప్పే సార్లకు, టీచర్లకు, సాయంత్రం పూట పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకొని చదివించే అమ్మానాన్నలకు ఈ వీడియో. కథ రాయిస్తూ కొత్త మాటలు ఎలా నేర్పాలో మొదటి నుంచి చివరి దాకా చూద్దాం.

ముందు, బడుల్లో మామూలుగా జరిగేదేంటో చెప్పుకుందాం. పాఠం చివర పదాలు, అర్థాలు ఉంటాయి. బోర్డు మీద రాస్తాం, పిల్లలు నోట్సులో ఎక్కించుకుంటారు, తెల్లారి అప్పజెప్తారు. "వెనుకాడు అంటే సంకోచించు" అని గడగడా చెప్పేస్తారు. మరి సంకోచించు అంటే ఏంటి అని అడిగితే నోరు పెగలదు. తెలియని మాటకు ఇంకో తెలియని మాట అర్థంగా ఇచ్చాం కాబట్టి అట్లా అవుతుంది. సొంత వాక్యం రాయమంటే "నాకు వెనుకాడు అంటే ఇష్టం" అని రాస్తారు. అందులో పిల్లల తప్పేమీ లేదు, ఆ మాటతో వాళ్లకు ఇంతవరకు పని పడలేదు. కథలో పని పడుతుంది. మేకపిల్ల వాగు దాటాలి, ఒక కాలు ముందుకు వేస్తుంది, మళ్లీ వెనక్కి తీస్తుంది. ఇప్పుడు ఆ మేకపిల్ల చేసే పనికి ఒక మాట కావాలి. సరిగ్గా అప్పుడు అందిస్తే పిల్లలు పట్టుకుంటారు.

ఇక ఏ మాటలు ఎంచుకోవాలి? అమెరికాలో ఇసబెల్ బెక్, మార్గరెట్ మెక్‌కియోన్ అనే పరిశోధకులు పదాలను మూడు అంతస్తులుగా విడదీశారు. కుక్క, నీళ్లు, ఉరుకు లాంటివి మొదటి అంతస్తు. అవి ఇంట్లోనే వస్తాయి. కిరణజన్య సంయోగక్రియ లాంటివి మూడో అంతస్తు, ఆ పాఠం వచ్చినప్పుడు చూసుకోవచ్చు. ఏ కథలోనైనా, ఏ పుస్తకంలోనైనా మళ్లీ మళ్లీ ఎదురయ్యే మాటలు రెండో అంతస్తువి. తొంగిచూడు, వెనుకాడు, ఆదుకొను, ఊరట, నిదానంగా, తడబడు. కథ రాయించడానికి ఇవే కావాలి.

వారానికి ఐదు మాటలు చాలు. ఐదింట్లో మూడు క్రియలు ఉండాలని గట్టిగా చెప్తాం. ఐదూ నామవాచకాలే ఇస్తే పిల్లలు "అక్కడ ఒక కోట ఉంది, ఒక ఖడ్గం ఉంది, ఒక మకుటం ఉంది" అని జాబితా రాసి పెన్సిలు కింద పెట్టేస్తారు. క్రియ ఇస్తే ఎవరో ఏదో చేయాల్సి వస్తుంది, అక్కడి నుంచి కథ నడుస్తుంది. పది మాటలు ఇస్తే ఇంకో ఇబ్బంది. పదీ వాడాలన్న తొందరలో రెండు వాక్యాల్లో అన్నీ కుక్కేస్తారు, ఒక్కదానికీ అర్థం ఉండదు.

ఈరోజు ఉదాహరణకు ముసురు, తెరిపి, తొంగిచూడు, వెనుకాడు, ఆదుకొను అనే ఐదు మాటలు తీసుకుందాం. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ముసురు, తెరిపి పెద్దవాళ్ల నోట్లో ఎప్పుడూ ఉండేవే. పిల్లలు చెవిన వేసుకొనే ఉంటారు, రాసి మాత్రం ఉండరు. మిగతా మూడూ కొంచెం పుస్తకం మాటలు. ఇట్లా సగం తెలిసినవి, సగం కొత్తవి కలపడం మంచిది.

అట్టముక్కలు కావాలి. పాత పెళ్లి శుభలేఖలు దీనికి బాగా పనికొస్తాయి. వెనకవైపు తెల్లగా ఉంటుంది, అట్ట గట్టిగా ఉంటుంది, సగానికి కోస్తే ఒక కార్డు. నల్ల మార్కరుతో మూడు సెంటీమీటర్ల ఎత్తు అక్షరాలు రాయండి, వెనక వరుసలో కూర్చున్న పిల్లకూ కనపడాలి. కార్డు మీద అర్థం రాయొద్దు. రాస్తే కళ్లు అర్థం మీదికే పోతాయి.

మొదటి రోజు నోట్‌బుక్ తీయనివ్వకండి. నలభై నిమిషాలూ నోటితోనే. "తొంగిచూడు" తీసుకోండి. మీరు తలుపు పక్కన నిలబడి, ఒళ్లంతా దాచుకొని, తల ఒక్కటే బయటపెట్టి చూడండి. "నేనేం చేస్తున్న?" అని అడగండి. కొందరు "చూస్తున్నరు" అంటారు, కొందరు "దాక్కున్నరు" అంటారు. రెండూ నిజమే, ఆ రెండూ కలిస్తేనే తొంగిచూడటం. అప్పుడు మాట చెప్పి కార్డు ఎత్తండి. తర్వాత "కాని ఉదాహరణ" అడగాలి, అంటే ఆ మాట సరిపోని సందర్భం. "తలుపు బార్లా తీసి, గదిలోకి పోయి చూసిన. తొంగిచూసినట్టా?" కాదంటారు. "బాయి గట్టు మీద వంగి లోపలికి చూసిన, అది?" ఇక్కడ తరగతిలో వాదన లేస్తుంది, లేవనివ్వండి. ఆ వాదనలోనే మాట హద్దు ఎక్కడుందో పిల్లలకు తెలుస్తుంది. చాలామంది ఈ కాని ఉదాహరణ వదిలేస్తారు. వదిలేస్తే పిల్లలు ప్రతి చూపునూ తొంగిచూపు చేసేస్తారు.

తెలుగులో ఇంకొకటి గమనించాలి. మన క్రియ రూపం మార్చుకుంటూ పోతుంది. "వెనుకాడు" అని కార్డు మీద చదివిన పిల్ల, పుస్తకంలో "వెనుకాడకుండా" అని కనపడగానే కొత్త మాట అనుకుంటుంది. అందుకని ప్రతి క్రియకు నాలుగు రూపాలు నోటితో అనిపించండి. నిన్న ఏం చేసింది? వెనుకాడింది. రేపు? వెనుకాడుతుంది. చేయకపోతే? వెనుకాడలేదు. చేయకుండానే ముందుకు పోతే? వెనుకాడకుండా పోయింది. "ఆదుకొను"కు ఇది మరీ అవసరం. ఆదుకుంది, ఆదుకున్నారు, ఆదుకోలేదు, ఆదుకోవాలి. కార్డు మీది మాటకూ వాడే రూపానికీ అంత తేడా ఉంటే చూపించకుండా పిల్లలకు ఎట్లా తెలుస్తుంది?

రెండో రోజు అందరూ కలిసి ఒక కథ చెప్తారు, మీరు బోర్డు మీద రాస్తారు. ఐదు ప్రశ్నలు వరుసగా అడగండి: ఎవరు? ఎక్కడ? ఏం కావాలి? ఏం అడ్డమొచ్చింది? ఏం చేసిన్రు? చోటు మాత్రం పిల్లలు చూసినదే పెట్టండి. బత్తాయి తోట, పల్లి చేను, పిల్లలమర్రి ఊడల కింద, సాగర్ కట్ట. చూడని రాజకోట పెడితే ఆ కోట ఎట్లుంటుందో ఊహించడానికే వాళ్ల శక్తి అంతా పోతుంది, కొత్త మాటకు మిగలదు. మన ఐదు మాటలతో వచ్చే కథ ఇట్లా ఉండొచ్చు:

"మూడు రోజుల నుంచి ముసురు వదలట్లేదు. గొర్రెపిల్ల దొడ్డిలోంచి తొంగిచూసింది. అమ్మ వాగు అవతల ఉంది. కొంచెం తెరిపి ఇవ్వగానే గొర్రెపిల్ల వాగు దగ్గరికి పోయింది. నీళ్లు చూసి వెనుకాడింది. తాత గొంగడి కప్పుకొని వచ్చి గొర్రెపిల్లను భుజం మీద ఎత్తుకున్నడు. తాత దాన్ని ఆదుకున్నడు."

చివరి వాక్యం చూడండి. తీసేసినా కథకు ఏమీ కాదు, మాట మిగిలింది కాబట్టి తగిలించినట్టుంది. దీన్ని పిల్లల ముందే సరిచేయండి. "తాత రాకపోతే ఏమయ్యేది?" అని అడిగితే "కొట్టుకపోయేది" అంటారు. అప్పుడు "తాత ఆదుకోకపోతే అది వాగులో కొట్టుకుపోయేది" అని మార్చి రాయండి. ఇప్పుడు ఆ మాటకు కథలో పనుంది. సొంత కథల్లో పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ఈ తగిలింపే. కాబట్టి బోర్డు మీద ఒకసారి సరిచేసి చూపిస్తే మీకు సగం దిద్దుబాటు తప్పుతుంది.

మూడో రోజు సొంత కథ. రాయడానికి ముందు జంటగా కూర్చోబెట్టి, ఒకరికొకరు చెప్పుకోవడానికి ఐదైదు నిమిషాలు ఇవ్వండి. ఈ పని చేయకపోతే తరగతిలో చురుకైన పిల్ల గట్టిగా చెప్పిన కథే ఇరవై నోట్‌బుక్కుల్లో వస్తుంది. రెండో తరగతికి నాలుగు వాక్యాలు, రెండు కొత్త మాటలు. మూడో తరగతికి ఏడెనిమిది వాక్యాలు, మూడు మాటలు. ఐదూ వాడాలని పట్టుబట్టొద్దు. ఏ మూడో వాళ్లనే ఎంచుకోనివ్వండి, ఎంచుకోవాలంటే ఐదింటినీ మనసులో తిప్పి చూసుకోవాలి కదా.

బాయి అని రాస్తే, యాప చెట్టు అని రాస్తే, దూపైంది అని రాస్తే ఎర్రపెన్ను ఎత్తొద్దు. ఇంటి మాట తప్పు మాట కాదు. గోడకు ఒక చార్టు కట్టి ఎడమ పక్కన ఇంటి మాట, కుడి పక్కన పుస్తకం మాట రాస్తూ పోండి: బాయి, బావి. యాప, వేప. దూప, దాహం. తొవ్వ, దారి. ఇత్తనం, విత్తనం. కథలో మనిషి మాట్లాడేటప్పుడు ఎడమ పక్కవి, కథ చెప్పేటప్పుడు ఏవైనా సరే. ఇట్లా చేస్తే పిల్లల దగ్గర ఒక్కో వస్తువుకు రెండు మాటలు ఉంటాయి. కొట్టేస్తే ఒకటే ఉంటుంది, అదీ భయంతో వాడేది.

దేవరకొండ పక్క తండాల నుంచి వచ్చే పిల్లల సంగతి వేరు. ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, బడికొచ్చాకే తెలుగుతో పని పడుతుంది. ఆ పిల్లను ముందు లంబాడీలోనే కథ చెప్పనివ్వండి, పక్కన ఆ భాష వచ్చిన స్నేహితురాలిని కూర్చోబెట్టండి. కథ తయారయ్యాక తెలుగు మాటలు అందులోకి వస్తాయి. కథ, భాష రెండూ ఒకేసారి వెతుక్కోమంటే రెండూ చేజారతాయి. "యాడి" (అమ్మ) అని రాస్తే అట్లాగే ఉంచి, తరగతికి దాని అర్థం ఆ పిల్లతోనే చెప్పించండి.

ఐదు తరగతులకూ ఒక్కరే టీచరున్న బడిలోనూ ఇది నడుస్తుంది. మొదటి రోజు ఆట అందరికీ ఒకటే. రాసేటప్పుడు ఒకటో తరగతి వాళ్లు బొమ్మ వేసి కింద ఒక్క మాట రాస్తారు, నాలుగు, ఐదు తరగతుల వాళ్లు ఒక పేజీ కథ రాసి చిన్నవాళ్లకు చదివి వినిపిస్తారు.

నాలుగో రోజు కథలు చదివించండి. దిద్దేటప్పుడు ఒక్కో కథలో ఒక్క విషయమే పట్టుకోండి, అదీ ఆ వారం మాటల గురించే. ఒత్తులు, దీర్ఘాలు వేరే రోజు చూసుకోవచ్చు. పేజీ నిండా ఎర్రగీతలు పడితే పిల్లలు వచ్చే వారం తెలిసిన మాటలే రాస్తారు, కొత్త మాట జోలికి పోరు.

"కథ తోచట్లేదు సార్" అనే పిల్లలకు ఒక ఉపాయం ఉంది. ఇటలీ రచయిత జియాని రొదారి (1920-1980) సంబంధం లేని రెండు మాటలు పక్కపక్కన పెట్టి కథ పుట్టించే ఆట చెప్పాడు. అది మన విభక్తులతో భలే కుదురుతుంది. గొంగడి, కప్ప తీసుకోండి. గొంగడిలో కప్ప. గొంగడి కోసం కప్ప. గొంగడి మీద కప్ప. కప్పకు గొంగడి. ఒక్క విభక్తి మారితే కథే మారిపోతుంది. కప్పకు గొంగడి ఎందుకు, చలేసిందా? మాటతో పాటు విభక్తి వాడకమూ వస్తుంది, వ్యాకరణం పేరెత్తకుండానే.

ఇంగ్లిష్ గురించి కూడా అడుగుతుంటారు. 2022-23 నుంచి మన తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లిష్ మీడియం వచ్చింది, పుస్తకాలు రెండు భాషల్లో ఉన్నాయి. తెలుగులో కథ పూర్తయ్యాక అదే కథకు మూడు ఇంగ్లిష్ మాటలు ఇవ్వండి, అదే గొర్రెపిల్ల, అదే వాగు. కథ ముందే తెలుసు కాబట్టి పిల్లలకు మాట ఒక్కటే కొత్త.

ఇక మిగిలింది మళ్లీ చూసుకోవడం. నాలుగు రోజులు అయ్యాక కార్డులు పెట్టెలో పడేస్తే నెలకు ఒక్కటీ గుర్తుండదు. గోడకు ఒక తాడు కట్టి కార్డులు క్లిప్పులతో తగిలించండి. తర్వాతి వారం ఒకసారి, మూడు వారాలకు ఇంకోసారి పాత మాటలు రెండింటిని కొత్త కథలోకి రప్పించండి. పిల్ల అడగకుండానే తన కథలోనో, మాటల్లోనో, వేరే సందర్భంలో రెండుసార్లు సరిగ్గా వాడితే ఆ కార్డు దించి ఆ పిల్ల చేతికే ఇచ్చేయండి, ఇంటికి తీసుకుపోతుంది. తాడు మీద పాతిక దాటాయంటే కొత్తవి ఆపండి. పాతవి దిగాకే తర్వాతి ఐదు.