పేషెంటు గడప తొక్కేముందు: దంతవైద్యులు, సోషల్ మీడియా

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, తోటి డాక్టర్లకు, ఈ ఏడాదే ఇంటర్న్‌షిప్ ముగించుకుని వచ్చిన పిల్లలకు.

కొత్తగా క్లినిక్ పెట్టినవాళ్ళు ఈమధ్య ఎక్కడ కలిసినా నన్ను ఒకటే అడుగుతున్నారు. "మేడమ్, చైర్ కొన్నాం, ఎక్స్‌రే సెన్సర్ కొన్నాం, బోర్డు పెట్టాం. పేషెంట్లు రావడం లేదు. ఇన్‌స్టాలో రీల్స్ మొదలుపెట్టమంటారా? నెలకు ఇంత ఇస్తే అంతా మేమే చూసుకుంటామని ఒక ఏజెన్సీవాళ్ళు వచ్చారు, ఇవ్వమంటారా?" అడగాల్సిన ప్రశ్నే. దేశంలో 300కు పైగా డెంటల్ కాలేజీలున్నాయి. మన ఉత్తరాంధ్రలో చిన్న పట్నాల్లో కూడా ఒకే రోడ్డులో నాలుగు డెంటల్ బోర్డులు కనిపిస్తున్నాయి. పేషెంటు వచ్చినా రాకపోయినా ఈఎంఐ తేదీ మాత్రం ఆగదు. ఆ టెన్షన్ ఎలాంటిదో నాకు తెలుసు.

నా జవాబు ఒకటే. మొదలుపెట్టండి. అయితే ఎవరితో మాట్లాడుతున్నారో ముందు తేల్చుకోండి. పన్ను సలుపుతున్నా నెలల తరబడి లవంగం నొక్కిపెట్టుకుని, మందుల షాపులో మాత్ర అడిగి వేసుకుని రోజులు నెట్టుకొస్తున్న మనిషి మన ప్రతి వీధిలో ఉన్నాడు. అతనికి మన క్లినిక్ ఎక్కడుందో తెలుసు. బోర్డు రోజూ చూస్తూనే ఉన్నాడు. అయినా లోపలికి రావడం లేదు. ఎందుకు రావడం లేదో అర్థం చేసుకుంటే, ఫోన్ ముందు నిలబడి ఏం మాట్లాడాలో మనకు ఇంకెవరూ నేర్పక్కర్లేదు.

దానికంటే ముందు చట్టం సంగతి చెప్పేస్తాను. డెంటల్ కౌన్సిల్ 2014లో సవరించిన నైతిక నియమావళి మీలో ఎంతమంది చదివారో తెలియదు. చదవనివాళ్ళు ఈ రాత్రే చదవండి. పేషెంట్లను నేరుగా గానీ, పరోక్షంగా గానీ మన దగ్గరికి రమ్మని ఆకర్షించుకోవడం అనైతికమని అందులో ఉంది. మన నైపుణ్యాన్ని, ఘనతను మనమే చాటుకునే ప్రచారానికీ ఒప్పుకోదు. సొంత వెబ్‌సైట్ ఉండవచ్చు, కానీ అందులో ఉన్నదేదీ జనాన్ని తప్పుదారి పట్టించకూడదు. 1948 నాటి డెంటిస్టుల చట్టం స్థానంలో తేవడానికి నేషనల్ డెంటల్ కమిషన్ చట్టాన్ని పార్లమెంటు 2023లో ఆమోదించింది. రేపు కొత్త నియమాలు ఏ రూపంలో వచ్చినా ఈ మూలం మారుతుందని నేను అనుకోను.

కాబట్టి "దసరా ఆఫర్, పళ్ళ క్లీనింగ్ సగం ధరకే", "జిల్లాలో నంబర్ వన్ ఇంప్లాంట్ సెంటర్" లాంటి పోస్టర్లు పెట్టకండి. తెలిసిన ఇన్‌ఫ్లుయెన్సర్‌కు ఉచితంగా పళ్ళు తెల్లబరిచి, ప్రతిఫలంగా వీడియో చేయించుకున్నా అది ప్రకటనే. అలాంటి సంబంధం ఉందని చూసేవాళ్ళకు స్పష్టంగా చెప్పాలని వినియోగదారుల రక్షణ మార్గదర్శకాలు 2022 నుంచీ అంటున్నాయి. చట్టం పక్కన పెట్టినా ఆఫర్ చూసి వచ్చిన పేషెంటు ఇంకో వంద రూపాయలు తగ్గించే చోటికి వెళ్ళిపోతాడు. నమ్మి వచ్చిన పేషెంటు తల్లిని, వదినను, పక్కింటివాళ్ళను తీసుకొస్తాడు. మన ప్రాక్టీసు నిలబడేది ఈ రెండోవాళ్ళ మీదే.

ఇప్పుడు ఆ గడప దగ్గర ఆగిపోయిన మనిషి సంగతికి వద్దాం. అతనికి మూడు భయాలున్నాయి. నొప్పి, ఖర్చు, మోసం.

నొప్పి గురించి మాట్లాడటం తేలిక. సూది ఎలా వేస్తామో, ముందు చిగురు మీద మొద్దుబార్చే జెల్ ఎందుకు రాస్తామో, రూట్ కెనాల్‌లో నిజంగా ఏం చేస్తామో ఒక నమూనా పన్ను చేత్తో పట్టుకుని నిమిషంలో చూపించవచ్చు. రక్తం, డ్రిల్లు శబ్దం, కోసిన చిగుళ్ళు మాత్రం వీడియోలో పెట్టకండి. మనకు అది గొప్ప కేసు. చూసేవాడికి ఇంకో ఏడాది వాయిదా వేసుకోవడానికి కారణం.

ఖర్చు గురించి మాట్లాడటానికే మనలో చాలామంది జంకుతారు. "ఫీజు క్లినిక్‌కు వచ్చాక చెప్తాం" అంటారు. అలా అన్న ప్రతిసారీ పేషెంటు మనసులో అంకె పెరుగుతుంది. ఒక పన్నుకు రూట్ కెనాల్ అంటే ఏమేం పనులుంటాయి, ఎన్నిసార్లు రావాలి, క్యాప్ ఖర్చు వేరుగా ఎందుకుంటుంది, మెటల్ క్యాప్‌కు, పన్ను రంగులో ఉండే జిర్కోనియా క్యాప్‌కు తేడా ఎందుకు, ఇవన్నీ విడమరచి చెప్పండి. మీ క్లినిక్‌లో ఎంత నుంచి ఎంత వరకు అవుతుందో కూడా చెప్పండి. పక్క డాక్టరుతో పోల్చకండి, తక్కువ అని గొప్పలు పోకండి. మామూలుగా, రైతుకు ఎరువు బస్తా ధర చెప్పినంత మామూలుగా చెప్పండి.

మూడో భయం మీద నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అసలు అడ్డం అదే. "ఒక పన్నుకని వెళ్తే నాలుగు పళ్ళు పాడయ్యాయంటారు." ఈ మాట మన ఊళ్ళల్లో ఎంత బలంగా పాతుకుపోయిందో మీకు తెలుసు. దీనికి జవాబు చూపించడమే. ఎక్స్‌రేలో నల్లగా కనిపించే చోటు ఏమిటి, అది నరం దాకా వెళ్తే ఎలా ఉంటుంది, వెళ్ళకముందే పట్టుకుంటే సిమెంట్‌తో ఎలా సరిపోతుంది, ఇవి పేషెంటు పేరు కనపడకుండా ఒక ఎక్స్‌రే మీద వేలుపెట్టి చూపించండి. ఇంకా ముఖ్యమైనది, చికిత్స అక్కర్లేని సందర్భాల గురించి కూడా వీడియోలు చేయండి. నిటారుగా, నొప్పి లేకుండా, శుభ్రం చేసుకోగలిగేలా వచ్చిన జ్ఞానదంతాన్ని తీయించుకోనక్కర్లేదు. ఆరేడేళ్ళ పిల్లల ముందు పళ్ళ మధ్య సందు చాలాసార్లు కోరపళ్ళు వచ్చేసరికి దానంతటదే మూసుకుంటుంది, అప్పుడే క్లిప్పులకు పరుగెత్తనక్కర్లేదు. అనవసరమైనది అనవసరమని మీ నోటితో విన్న మనిషి, రేపు అవసరమని మీరు చెప్పినప్పుడు నమ్ముతాడు.

ఇక ఏం మాట్లాడాలి అన్నదానికి వస్తే, నిజానికి మన ప్రాంతంలో విషయాలకు కొరత లేదు. అమెరికా డెంటిస్టులు చేసిన రీల్స్ చూసి అవే పాటలు, అవే నవ్వులు కాపీ కొట్టనక్కర్లేదు. "పైపన్ను పీకిస్తే కంటిచూపు పోతుంది", "క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయి", "పాలపళ్ళే కదా, ఊడిపోయేవాటికి వైద్యం ఎందుకు", "కడుపుతో ఉన్నప్పుడు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళకూడదు". ఈ నాలుగు అపోహలకే నాలుగు మంచి వీడియోలవుతాయి. గారపట్టిన పళ్ళకు గారే ఆసరాలా కనిపిస్తుందని, నిజానికి దాని కిందే ఎముక కరిగిపోతోందని ఒక బొమ్మ గీసి చెప్పండి. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా చాలా చికిత్సలు నిశ్చింతగా చేయించుకోవచ్చని, నొప్పి, వాపు ఉంటే ఏ నెలైనా ఆగకూడదని గర్భిణులకు చెప్పండి. అలాంటి వీడియో అత్తగారి ఫోన్ నుంచి కోడలి ఫోన్‌కు తనంతట తానే వెళ్తుంది.

ఇంకొక విషయం నాకు చాలా ఇష్టం. స్కూలు గ్రౌండులో పడి పిల్లవాడి ముందు పన్ను మొత్తంగా ఊడిపోతే ఏం చేయాలి? శాశ్వత దంతమైతే వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకోవాలి, మట్టి ఉంటే మెల్లగా కడగాలి, రుద్దకూడదు. వీలైతే వెంటనే అదే చోట పెట్టి బట్ట కొరికించాలి. లేదంటే పాలల్లో వేసి, గంటలోపు, అరగంటలోపైతే మరీ మంచిది, డెంటిస్టు దగ్గరికి చేర్చాలి. పాలపన్నైతే తిరిగి పెట్టకూడదు. ఈ సంగతి తెలియక ఎంతోమంది పిల్లలు ఊడిన పన్నును కాగితంలో చుట్టి మర్నాడు తెస్తున్నారు. ఊళ్ళో ఉన్న ప్రతి పీఈటీ మాస్టారికి ఈ ఒక్క వీడియో పంపండి. దాంట్లో మీ క్లినిక్ పేరు పెద్దగా లేకపోయినా ఫర్వాలేదు. చెప్పింది ఎవరో వాళ్ళకు గుర్తుంటుంది.

నల్గొండ వైపు నుంచి, కనిగిరి, పొదిలి వైపు నుంచి వచ్చిన డాక్టర్లు ఇక్కడున్నారు. నీళ్ళలో ఫ్లోరైడ్ సమస్య అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఉందని 1937లోనే వైద్య పత్రికకెక్కింది. ఆ ఊళ్ళ కుర్రాళ్ళు, ముఖ్యంగా పెళ్ళిచూపులకు కూర్చోవాల్సిన ఆడపిల్లలు, పళ్ళ మీది గోధుమరంగు మచ్చలు చూసుకుని నోరు మూసుకుని నవ్వుతారు. బొగ్గు, ఉప్పు, నిమ్మకాయ పెట్టి రుద్దుతారు. అది మురికి కాదని, వాళ్ళు శుభ్రంగా లేకపోవడం వల్ల వచ్చింది కాదని, పన్ను తయారయ్యే వయసులో తాగిన నీటి వల్ల వచ్చిందని ముందు చెప్పండి. మామూలు క్లీనింగ్‌తో పోదని కూడా చెప్పండి. తర్వాత మచ్చల పైపొరను కొద్దిగా అరగదీసే మైక్రో అబ్రేషన్, పన్ను రంగు పదార్థం అద్దే కాంపోజిట్, పలుచని పొర అతికించే వెనీర్ లాంటి దారులు, వాటి పరిమితులు చెప్పండి. ఆ పిల్లలు ఇన్‌స్టాలోనే ఉన్నారు, రాత్రి పదింటికి ఒంటరిగా ఫోన్ చూసుకుంటూ ఉంటారు. మన మాట వాళ్ళకు చేరాల్సింది అక్కడే.

మన శ్రీకాకుళం, విశాఖ తీరంలో అడ్డపొగ ఉంది. చుట్ట నిప్పు కొనను నోట్లోకి తిప్పి పీల్చే అలవాటు, ఎక్కువగా ఆడవాళ్ళలో, పెద్దవాళ్ళలో. దానివల్ల అంగిట్లో వచ్చే మార్పులను, క్యాన్సర్‌ను ప్రపంచం చాలావరకు మన ప్రాంతంలో జరిగిన అధ్యయనాల నుంచే తెలుసుకుంది. ఆ ముసలమ్మ ఇన్‌స్టా చూడదు. ఆమె మనవడు చూస్తాడు, హైదరాబాద్‌లోనో సూరత్‌లోనో పని చేసుకుంటూ. "మీ అమ్మమ్మ అడ్డపొగ తాగుతుందా? పండక్కి వెళ్ళినప్పుడు టార్చి వేసి ఆమె అంగిలి ఒకసారి చూడండి. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలైనా మానని పుండు కనిపిస్తే డాక్టరుకు చూపించండి." ఇంతే చాలు. గుట్కా, వక్క నమిలేవాళ్ళ నోరు క్రమంగా తెరుచుకోకపోవడం గురించి కూడా ఇలాగే. పేషెంట్ల సంఖ్య కోసం ఇవి చేయమనడం లేదు. కానీ ఇవి చేసే డాక్టరునే ఊరు తన డాక్టరు అనుకుంటుంది.

ఎలా తీయాలి అన్నదాని మీద రెండు మాటలు చాలు. మీ ఫోన్, కిటికీ వెలుతురు, కాలర్‌కు ఒక చిన్న మైకు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూస్తారు, మాట వినపడకపోతే దాటేస్తారు. మీ యాసలోనే మాట్లాడండి. బస్సులో శబ్దం లేకుండా చూసేవాళ్ళ కోసం తెలుగులో అక్షరాలు వేయండి. వారానికి ఒకటి చేయగలిగితే ఒకటే చేయండి, ఆపకుండా చేయండి. పేషెంటు ముఖం, ముందూ తర్వాతా ఫొటోలు వాడాలంటే తెలుగులో రాసిన అంగీకార పత్రం మీద సంతకం తీసుకోండి. చైర్‌లో నోరు తెరుచుకుని పడుకున్న మనిషిని "ఒక ఫొటో తీసుకోవచ్చా" అని అడిగితే వచ్చేది అంగీకారం కాదు.

ఇన్‌స్టా కంటే వాట్సాప్ బిజినెస్ మీకు ఎక్కువ పని చేసి పెడుతుందని నేను గట్టిగా నమ్ముతాను. పన్ను పీకించుకున్న మనిషికి మనం చెప్పిన జాగ్రత్తలు మొద్దుబారిన నోటితో, కంగారులో సగమే వినపడతాయి. దూది అరగంటకు పైగా కొరికి పట్టుకోవాలి, ఆ రోజంతా పుక్కిలించకూడదు, ఊస్తూ ఉండకూడదు, స్ట్రాతో తాగకూడదు, పొగ తాగకూడదు. ఇదంతా మీ గొంతుతో నిమిషం వాయిస్ మెసేజ్ చేసి పెట్టుకుని, మనిషి మెట్లు దిగేలోపు పంపండి. చదవడం రాని పెద్దవాళ్ళు రెండుసార్లు వింటారు. రాత్రి "ఎలా ఉందమ్మా" అని ఒక్క ముక్క పంపండి. ఆ మెసేజ్‌ను ఆమె తన ఫ్యామిలీ గ్రూపులో చూపిస్తుంది. ఏ ప్రకటనకూ రాని విలువ దానికొస్తుంది. అదే వాట్సాప్‌లో ఫొటో చూసి రోగనిర్ధారణ మాత్రం చేయకండి, మాత్రల పేర్లు రాయకండి. ముఖం వాచి, జ్వరం వచ్చి, మింగడం, ఊపిరి కష్టంగా ఉందంటే పొద్దున్న రమ్మనకండి, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళమనండి. ఆ ఒక్క వాక్యం మీ రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయికి కూడా నేర్పండి, ఎందుకంటే ఫోన్ చాలాసార్లు ఆమె దగ్గరే ఉంటుంది.

గూగుల్ మ్యాప్స్‌లో మీ క్లినిక్ వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. ఆదివారం మూసి ఉంటే మూసి ఉందని ఉండాలి. రివ్యూలు అడగవచ్చు. డబ్బిచ్చి, ఫీజు తగ్గించి రాయించుకోవడం గూగుల్ నిబంధనలకే విరుద్ధం. ఎవరైనా చెడుగా రాస్తే "మీరు రెండో సిట్టింగ్‌కు రాలేదు, అందుకే ఇన్ఫెక్షన్ వచ్చింది" అని బదులు రాయకండి. అది అతని వైద్య వివరాన్ని వీధిలో పెట్టడమే. "మీకు ఇబ్బంది కలిగినందుకు బాధగా ఉంది, ఒకసారి ఫోన్ చేయండి, మాట్లాడదాం" అని ఆగిపోండి. ఆ బదులును అతనొక్కడే కాదు, రేపు రాబోయే వందమంది చదువుతారు.

ప్రవాసుల గురించి కొందరు అడిగారు. అమెరికాలో దంతవైద్యం ఖరీదు. అక్కడి మనవాళ్ళు సెలవుల్లో వచ్చినప్పుడు పళ్ళ పని పెట్టుకుంటారు. మంచిదే. కానీ "మూడు వారాల్లో ఇంప్లాంట్ పూర్తి" అని వీడియో పెట్టకండి. దవడలో బిగించే ఇంప్లాంట్, అంటే కృత్రిమ పన్ను వేరు, ఎముకతో అతుక్కోవడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుందని మనకు తెలుసు. ఈ రాకలో ఇంతవరకు, వచ్చే రాకలో మిగతాది అని రాసిచ్చేయండి. వాళ్ళు తమకంటే ఎక్కువగా ఇక్కడ ఒంటరిగా ఉన్న అమ్మానాన్నల కోసం డాక్టరును వెతుకుతుంటారు. నాన్నగారి పళ్ళ సెట్టు గురించి అక్కడున్న కూతురికి, ఆయన అనుమతితో, పది నిమిషాల వీడియో కాల్‌లో చెప్పగలిగితే ఆ కుటుంబం మీతోనే ఉంటుంది.

ఏజెన్సీకి డబ్బివ్వాలా అన్న ప్రశ్న మిగిలింది. వీడియో కత్తిరించడానికి, అక్షరాలు వేయడానికి ఇవ్వండి. మీ బదులు మాట్లాడటానికి ఇవ్వకండి. మీ పేరు మీద వాళ్ళు ఏం రాసినా రిజిస్ట్రేషన్ నంబరు మీది, జవాబు చెప్పుకోవాల్సింది మీరు. పోస్టు బయటికి వెళ్ళేముందు ప్రతి అక్షరం మీరు చదవాలి.

ఇప్పుడు మీ మాట వింటాను. ఫీజులు బయటికి చెప్పాలన్న దగ్గర ముందు వరసలో కొందరు తల అడ్డంగా ఊపారు, అక్కడి నుంచే మొదలుపెడదాం.