పులుసు మచ్చ

శ్రోతలకు నమస్కారం.

కడపలో మాది పాత ఇల్లు. వంటింట్లోనూ వసారాలోనూ పరిచినవి నాపబండలే. మన జిల్లాలో తవ్వి తీసే ఈ నల్లబండను బయటి ఊర్లలో కడప రాయి అంటారు, వంటగట్లకు వేసుకుంటారు. ఎంత గట్టిగా కనిపించినా ఇది సున్నపురాయే. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఈ సున్నపురాయిని చూసుకునే. దీనికి పులుపు పడదు. చింతపండు రసమో నిమ్మరసమో కాసేపు నిలిచిందంటే పైనున్న నునుపును తినేస్తుంది. అక్కడ తెల్లగా మచ్చ తేలుతుంది. ఎంత తోమినా పోదు. టెంకాయ నూనె రుద్దితే కొన్నాళ్ళు నల్లగా కనిపించి, మళ్ళీ బయటపడుతుంది.

మా వంటింట్లో అట్లాంటి మచ్చ ఒకటి ఈ ఏడాది పడింది. దాని గురించే మీతో మాట్లాడాలని వచ్చాను.

అప్పటికి నేను పుట్టింటి నుంచి వచ్చి పదిహేను రోజులు. బాబుకు నాలుగో నెల, పాపకు నాలుగేండ్లు. రాత్రంతా బాబు నిద్రపోలేదు, నేనూ కన్ను మూయలేదు. తెల్లవారి అయిదుకు కొళాయి వస్తుంది, బిందెలు నింపుకోవాలి. సంగటి కెలికి, వంకాయ పులుసు దించి, బాబుకు పాలిస్తూ గోడకు ఆనుకొని కూర్చునేసరికి మధ్యాహ్నమైంది. నేనింకా ఏమీ తినలేదని పాప కనిపెట్టింది. "అమ్మా, నేను తినిపిస్తా ఉండు" అని చల్లారిన పులుసు గిన్నెను రెండు చేతులా ఎత్తుకుంది. రెండడుగులు వేసిందో లేదో గిన్నె జారింది. గౌను నిండా, బండ నిండా, అప్పుడే మడత పెట్టిన బాబు గుడ్డల నిండా పులుసే.

అరిచాను. ఒళ్ళో బాబు ఉలిక్కిపడి ఏడుపందుకునేంత గట్టిగా అరిచాను. పాప మాత్రం ఏడవలేదు. గౌను అంచుతో బండ తుడవసాగింది. తుడిచేకొద్దీ పులుసు ఇంకా దూరం పాకింది. కాసేపటికి ఆ పని వదిలేసి వచ్చి, పులుసు చేతులతోనే నా మెడ కావిలించుకొని, "ఆకలైతాందా అమ్మా?" అంది.

ఆ మాటకు నాకు దుఃఖం ఆగలేదు. లేచి శుభ్రం చేసే ఓపిక కూడా లేదు. ముగ్గురం అట్లాగే గోడకు ఒరిగి నిద్రపోయాం.

మెలకువ వచ్చేసరికి మా అత్త గడపలో నిలబడి ఉంది. "తుడుస్తా అత్తా" అంటూ లేవబోయాను. "కూర్చోమ్మీ. బండ యాడికి పోతాది?" అని తనే బకెట్టు తెచ్చుకొని తుడిచింది. మచ్చ మిగిలిపోయింది. దాన్ని చూసి ఏమీ అనలేదు. మూలనున్న బియ్యం డబ్బాను పక్కకు జరిపింది. దాని కింద ఇంకో మచ్చ ఉంది, జానెడు పొడవు, పాతది.

"ఇది నీ మొగుడు చేసింది. అయిదేండ్ల పిల్లోడప్పుడు నిమ్మకాయ ఊరగాయ జాడీ బోర్లేసినాడు. ఆ పొద్దు వాని వీపు మోగించినా. రాత్రి నా కొంగు పట్టుకొని వాడు హాయిగా పండుకున్నాడు. నాకే నిద్ర పట్టల్యా."

ముప్పై ఏండ్లు ఆ మాట ఎవరితోనూ అనలేదట.

ఓర్పుకు తల్లిని భూదేవితో పోలుస్తారు. ఆ పోలిక విన్నప్పుడల్లా నాకు అంత ఓర్పు లేదే అని కుంగిపోయేదాన్ని. ఇప్పుడు మా ఇంట్లో జరిగేది చూస్తున్నాను. పొద్దున జడ వేసేటప్పుడు విసుక్కుంటాను, బడికి ఆలస్యమైతే కేకలేస్తాను. సాయంత్రానికి పాప వాటిలో ఒక్కటీ మనసులో పెట్టుకోదు, వచ్చి ఒళ్ళో తల పెడుతుంది. మనం పిల్లల్ని ఓర్చుకునే మాట నిజమే. వాళ్ళు మనల్ని ఎన్నిసార్లు ఓర్చుకుంటున్నారో లెక్కపెట్టుకున్న తల్లి నాకు ఇంతవరకు కనిపించలేదు. దేవుడి దయ అంటే ఏమిటని నన్ను అడిగితే, మెడకు చుట్టుకున్న ఆ పులుసు చేతులే చెప్తాను.

ఇంకొక్క మాట చెప్పాలి, ఇది ముఖ్యం. కాన్పయిన మొదటి రోజుల్లో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. మామూలుగా రెండు వారాల్లో తగ్గిపోతుంది. తగ్గకుండా దిగులు ముదిరితే, బిడ్డను ముట్టుకోబుద్ధి కాకపోతే, బతుకు మీద ఆశ పోతే, అది జబ్బు. దానికి వైద్యం ఉంది. డాక్టరుకు చెప్పండి. 14416కు ఫోన్ చేసినా సరే. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టింది. పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు. ఇంట్లో కోడలో కూతురో అట్లా ఉంటే, మీరే పక్కన కూర్చొని ఆ నంబరు కలిపివ్వండి.

మొన్న గట్టు బాగు చేయడానికి బేల్దారి వచ్చాడు. ఆ రెండు బండలూ తీసి కొత్తవి వేస్తానన్నాడు. వద్దన్నాం, అత్తా నేనూ ఒక్కసారే. పాప తన మచ్చ మీద నిలబడి, నాన్న మచ్చ వైపు చూసి, "మరి తమ్మునిది యాడుంది?" అని అడిగింది.

వాడికి వచ్చే వారమే అన్నప్రాసన.

నమస్కారం.